సత్రం వెనక మడిచెక్క

కోనసీమలో అన్నం పెట్టే చేతికి కరువు లేదు. అమలాపురం నుంచి ముక్తేశ్వరం వెళ్ళే దారిలో ఐనవిల్లి విఘ్నేశ్వరుడి గుడి దగ్గర ఆగిన భక్తుడికి విస్తరి పడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఏ ఊళ్ళో చూసినా పిలిచినవాళ్ళకంటే పదిమందికి ఎక్కువే వండుతారు. ఇల్లూ వాకిలీ లేని ముసలాయన, చూసే దిక్కులేని వితంతువు, మతి చలించి ఊరూరా తిరిగే మనిషి ఆ భోజనం అయ్యాక రాత్రికి ఎక్కడ పడుకోవాలని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్ళు అరుదు. రేపు జ్వరం వస్తే ఎవరు చూస్తారని అడిగితే ఇంకా అరుదు. దీన్ని దయ తగ్గిపోయిన కాలం అని నిట్టూర్చి వదిలేయడం తేలిక. ఈ సీమ చరిత్ర చూస్తే తగ్గింది దయ అనిపించదు. ఒకరికి నీడ ఇవ్వాలంటే గోడలు కట్టాక అసలు ఖర్చు మొదలవుతుంది: దీపానికి చమురు, పొయ్యికి కట్టెలు, వంటమనిషికి జీతం, కావలివాడికి కూలి, ఏడాదికోసారి పైకప్పు నేత. ఆ ఏటేటా ఖర్చుకు ఫలానా ఆదాయం అని ముడివేసి పెట్టినంతకాలం ఇక్కడ నీడ నిలిచింది. ఆ ముడి ఊడిన చోట గోడలు మిగిలాయి, మనుషులు ఏటిగట్టు మీదికి చేరారు.

పాతకాలంలో ఆ ముడి పేరు మాన్యం. గోదావరి గౌతమిగా, వసిష్ఠగా, వైనతేయగా చీలి సముద్రంలో కలిసే ఈ నేలలో ఏ దారిన వెళ్ళినా ఒక రేవు అడ్డం వచ్చేది. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం దాటడానికి ఇవాళ్టికీ పంటు ఎక్కుతున్నారంటే, వంతెనలూ లాకులూ లేని రోజుల్లో పడవ కోసం, వరద తగ్గడం కోసం, గాలి తెరిపి కోసం ఎన్ని పూటలు ఆగాల్సి వచ్చేదో ఊహించవచ్చు. బాటసారి ఆగే చోట సత్రం కావాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా రాసుకున్న యాత్రాచరిత్ర చదివితే, ఆనాటి ప్రయాణం మజిలీ మీద, మజిలీ సత్రం మీద ఎంతగా ఆధారపడిందో తెలుస్తుంది. సత్రం కట్టించినవాడు జమీందారైనా, రాజమండ్రి నాళంవారిలాంటి వర్తకులైనా, పుణ్యం కోరిన మామూలు రైతైనా, తెలివిగలవాడైతే గోడలతో ఆగేవాడు కాదు. పక్కనే ఇంత పల్లం, ఇంత మెరక రాసిచ్చి, పండిన పంట సత్రానికే చెందాలని దస్తావేజు రాయించేవాడు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. మాన్యం ఆదాయం ధాన్యంలో వచ్చేది, సత్రం ఖర్చు కూడా ఎక్కువ వంతు బియ్యమే. ధర పెరిగితే రెండు వైపులా ఒకేసారి పెరిగేది. అర్థశాస్త్రం చదవని దాత ధరల పెరుగుదలకు తట్టుకునే నిధిని ఏర్పాటు చేసి వెళ్ళాడన్నమాట. కౌలు రూపాయల్లోకి మారి, ఆ రూపాయలు ఏళ్ళ తరబడి ఒకే అంకె దగ్గర కూర్చున్నాక ఆ రక్షణ పోయింది. భూమి రికార్డుల్లో నిక్షేపంగా ఉంటుంది, దాని మీద వచ్చేది పూజకూ చాలదు, పులుసుకూ చాలదు.

ఈ మాన్యాల మీద సర్కారు చూపు పడటం కంపెనీ కాలంలోనే మొదలైంది. 1817లో మద్రాసు ప్రభుత్వం చేసిన 7వ రెగ్యులేషన్ గుళ్ళతో, మసీదులతో పాటు సత్రాలకు, వంతెనలకు ఇచ్చిన భూముల రాబడి సక్రమంగా ఖర్చవుతున్నదా లేదా చూసే బాధ్యతను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ ఎవరి మాన్యం ఏ పనికో విచారించి పట్టాలిచ్చింది. 1863 చట్టంతో మతసంస్థల నిర్వహణ నుంచి ప్రభుత్వం తప్పుకుంది కానీ, సత్రాలు మతానికి సంబంధించినవి కావని తన దగ్గరే ఉంచుకుంది. 1871లో లోకల్ ఫండ్స్ చట్టం వచ్చాక వాటిని స్థానిక నిధి బోర్డులకు అప్పజెప్పింది. 1884లో వచ్చిన లోకల్ బోర్డుల చట్టంతో అవి తాలూకా బోర్డుల కిందికి వెళ్ళాయి. ఆ బోర్డుల ప్రధాన రాబడి భూమి మీద వేసిన సెస్సు, కౌలు విలువలో రూపాయికి అణా లెక్కన. దాత రాసిచ్చిన మడిచెక్కకు తోడు ఊరుమ్మడి పన్ను, రెండూ ఒకే బోర్డు లెక్కల పుస్తకంలో కలిసిన కాలం అది. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. వాటి పాలన మీద ఆనాటి పత్రికల్లో తక్కువ తిట్లు పడలేదు, నిజమే. కానీ నీడ ఇచ్చే పనికి తాలూకా స్థాయిలో ఏటేటా రాబడి, దానికి జవాబుదారీగా ఒక బోర్డు ఉండటమనే ఏర్పాటు ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

అయితే ఆ ఏర్పాటులో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. సర్కారు కళ్ళకు సత్రం రోడ్డులో భాగం. ఆ కాలపు మద్రాసు జిల్లా గెజిటీర్లలో సత్రాల ప్రస్తావన రహదారుల అధ్యాయంలో, ట్రావెలర్స్ బంగళాల సరసన కనిపిస్తుంది. పేదరికం గురించి రాసిన చోట వాటి మాట రాదు. సత్రంలో బస మూడు రోజులకు మించకూడదన్న కట్టుబాటు అందుకే అంత గట్టిగా పాటించారు. వెళ్ళేవాడికే సత్రం, వెళ్ళడానికి చోటు లేనివాడు దాని లెక్కలోకి రాడు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం ప్రతి పారిష్ మీదా పన్ను వేసి, ఆ ఊరి నిరుపేదను ఆ ఊరే పోషించాలని శాసించింది. అదే ఇంగ్లండు ఇక్కడ పాలించినప్పుడు మాత్రం ఆ బాధ్యతను వెంట తేలేదు. 1832-33 నాటి కరువు దెబ్బా, దానికి అటూఇటూ వచ్చిన తుపానులూ వరదలూ కలిసి రాజమండ్రి జిల్లా జనాభాను 1821లో ఉన్న 7 లక్షల 38 వేల నుంచి 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దించాయి. అప్పుడు కూడా ప్రభుత్వం ఆలోచించింది ఆనకట్ట గురించి. 1847లో పని మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గన్నవరం అక్విడక్టు మీదుగా నాగరం లంకకు నీళ్ళు వెళ్ళాయి. ఆ ఆనకట్ట కట్టిన కాటన్ పుణ్యమా అని పండిన పంటే తర్వాతి అన్నదానాలన్నిటికీ మూలధనం, దాన్ని కాదనలేం. కానీ 1883 నాటి మద్రాసు కరువు కోడ్ వచ్చాక కూడా, నిరుపేదకు సర్కారు నీడ కరువు ప్రకటించిన రోజున మొదలై ఎత్తేసిన రోజున ముగిసేది. మామూలు ఏడాదిలో దిక్కులేని ముసలితనానికి ఏ పద్దూ లేదు.

ఆ ఖాళీలోనే డొక్కా సీతమ్మగారు నిలబడ్డారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి డొక్కా జోగన్నగారి ఇల్లాలిగా వచ్చి, 1909లో కన్నుమూసేదాకా వైనతేయ దాటి వచ్చినవాళ్ళకు వేళాపాళా చూడకుండా వండి పెట్టిన ఆమె కథ కోనసీమలో తెలియని ఇల్లు లేదు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకు పిలుపు వస్తే వెళ్ళలేదని, ఆమె ఫోటో తీయించి పట్టుకెళ్ళారని చెబుతారు. పిఠాపురం రాజావారు భూమి ఇవ్వజూపితే వద్దన్నారనీ చెబుతారు. ఈ రెండో కథ నిజమైనా కల్పన అయినా, అందరూ మెచ్చుకుంటూ చెప్పే ఆ తిరస్కారం దగ్గరే నాకు చిక్కు. సంసారం ఆస్తి మీద నడిచిన అన్నదానం ఆ ఆస్తి ఉన్నన్నాళ్ళు, ఆ ఇల్లాలి ఓపిక ఉన్నన్నాళ్ళు నడిచింది. ఉన్న ఆస్తి కరిగిపోయిందని ఆమె జీవితకథలు రాసినవాళ్ళే చెబుతారు. భూమి పుచ్చుకుని, దానికో ధర్మకర్తల మండలి పెట్టి ఉంటే ఆమె అంత మహనీయురాలు అయ్యేవారు కాదేమో కానీ, 1910లో రేవు దాటి వచ్చినవాడికి అన్నం దొరికేది. గన్నవరం కొత్త అక్విడక్టుకూ, బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టుకున్నాం, మంచిదే. ఆ బడి భోజనం ఏటా నడుస్తున్నది ఆమె పేరు వల్ల కాదు, బడ్జెట్టులో దానికో పద్దు ఉండటం వల్ల.

దీనికి పక్కన ఇంకో నమూనాను పెట్టి చూడాలి. కందుకూరి వీరేశలింగంగారు వితంతు వివాహాలు మొదలుపెట్టిన 1881 నుంచీ ఆయన్ను వెంటాడిన ప్రశ్న ఉపన్యాసాలతో తీరేది కాదు: ఇంట్లోంచి గెంటేసిన ఆడపిల్ల ఈ రాత్రి ఎక్కడ ఉండాలి, పెళ్ళి కుదిరేదాకా, చదువు అబ్బేదాకా ఎవరు పోషించాలి? జవాబుగా వితంతు శరణాలయం నడిపారు. 1906లో రాజమండ్రిలో హితకారిణీ సమాజం నెలకొల్పి తన ఆస్తిని దానికి రాసిచ్చారు. నీడ, తిండి, చదువు, కాపుదల, నలుగురిలో పరువు అన్నీ ఒక చోట దొరికే ఏర్పాటది. ఇప్పుడు అమెరికాలోనూ యూరపులోనూ ఊతమిచ్చే గృహవసతి అంటూ మాట్లాడుకునేది దీన్నే. కోనసీమకు గౌతమి ఆవలి ఒడ్డున రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషన్ నడిపిన కుష్ఠురోగుల ఆశ్రమం కూడా ఈ కోవలోదే. ఊరు వెలివేసినవాళ్ళకు మూడు రోజుల బస కాదు, మందుతో, మనిషి తోడుతో, బతికినన్నాళ్ళ నీడ. అక్కడ మడిచెక్క పాత్రను సముద్రం అవతలి చందాలు పోషించాయి. మతాలూ మార్గాలూ వేరైనా రెండిటికీ పోలిక ఒకటే: సంస్థ పుట్టినప్పుడే రేపటి బియ్యం ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకుని పుట్టాయి. సంఘసంస్కర్త వీరేశలింగాన్ని తలుచుకునేవాళ్ళు ఆస్తి రాసిచ్చిన వీరేశలింగాన్ని అంతగా తలుచుకోరు. ఆ రెండో ఆయనే మొదటి ఆయన పనిని ఆయన తదనంతరం నిలబెట్టాడు.

పాత సత్రాలను ఇంతగా మెచ్చుకుంటుంటే ఎవరైనా లేచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ సత్రాల్లో ఎవరికి చోటు? ఇది పక్కకు తోసేసే ఆక్షేపణ కాదు. చాలా సత్రాలు పుట్టిందే ఒక కులానికి. అందరికీ అన్నవాటిలో కూడా వంటశాల ఒకరికి, వసారా ఇంకొకరికి, అంటరానివాళ్ళన్న ముద్ర వేసిన మాలమాదిగలకు గడప బయటి నేల. కోనసీమలో వాళ్ళ జనాభా ఎంతో, ఈ పల్లాలు దున్ని మాన్యాల మీద ధాన్యం పండించినవాళ్ళు ఎవరో తెలిసినవాళ్ళకు ఇందులోని అన్యాయం విడమరిచి చెప్పక్కర్లేదు. సత్రాన్ని పోషించిన చెమటకే సత్రంలో చోటు లేకపోయింది. ఇళ్ళులేనితనం కూడా వాళ్ళకు మరో రకంగా ఎదురైంది. ఇల్లుంది కానీ స్థలం కామందుది, లేదా తాటాకు గుడిసె, ఒక్క నిప్పురవ్వకు పేటంతా బూడిద. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారికి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన కావ్యం పేరే గుడిసెలు కాలిపోతున్నాయ్ అని. చివరికి 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం ధర్మశాలలూ సరాయిలూ ఎవరికీ మూయకూడదని పేరు పెట్టి మరీ శాసించింది. కాబట్టి పాత సత్రాన్ని తిరిగి తెమ్మని నేను అనడం లేదు. దాని గడప వద్దు, దాని ఖాతా కావాలి. ఒక సంస్థ ఎవరిని వెలివేసిందన్నది, అది ఎలా నిలబడిందన్నది వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి రాజ్యాంగం జవాబు చెప్పింది. రెండోదాన్ని మనం ఆ హడావుడిలో మరిచిపోయాం. తలుపు చట్టప్రకారం తెరుచుకునే వేళకు చాలాచోట్ల లోపల గాదె ఖాళీ అయింది.

స్వాతంత్ర్యం తర్వాత నీడ గురించి ప్రభుత్వం ఆలోచించలేదనడం అబద్ధమవుతుంది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. ఎన్టీఆర్ కాలపు పక్కా ఇళ్ళు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్ళు, 2020 డిసెంబరులో పల్లెల్లో సెంటున్నర లెక్కన పంచిన స్థలాలు, ఇలా ప్రతి ప్రభుత్వమూ తన వంతు చేసింది. తాటాకు గుడిసెలు చాలామట్టుకు పోయాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ ఈ పథకాలన్నీ ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే డబ్బు మీద నడిచాయి. పనిచేసే వయసు, కుటుంబం, కూలి చేసే రెక్కలు ఉన్నవాడికి అది సరిపోతుంది. కళ్ళు కనిపించని ఒంటరి ముసలమ్మకు సెంటున్నర స్థలం పట్టా ఇస్తే ఆమె పునాది ఎవరితో తీయించాలి? తుపాను షెల్టర్ల కథా ఇదే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసుకుంది. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు అప్పుతో పునర్నిర్మాణం మొదలైంది. కష్టకాలంలో తలదాచుకోను గట్టి కట్టడాలు కావాలన్న తెలివి అప్పుడు బాగా వచ్చింది. మంచి కాలంలో వాటికి తాళం తీసి, ఊడ్చి, బల్బు మార్చేవాడి జీతం ఏ పద్దులోంచి రావాలన్నది మాత్రం అప్పుడూ సరిగా తేలలేదు. వరద వచ్చిన ప్రతిసారీ ఎదురుబిడియం కాజ్‌వే మునిగితే లంకవాసుల్ని గట్టుకు చేర్చి అన్నం పొట్లాలిస్తారు. నీళ్ళు తీయగానే నీడ కూడా తీస్తుంది. కరువు కోడ్ బుద్ధి మనలో ఇంకా పూర్తిగా పోలేదు.

ఏటేటా ఖర్చును గుర్తించిన పథకం ఒకటి వచ్చింది, కానీ అది ఐనవిల్లి దాకా రాలేదు. ఢిల్లీ చలిలో మనుషులు చనిపోతున్నారని 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక, 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద ఆశ్రయ గృహాల పథకం రూపుదిద్దుకుంది. లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి చోటు, 50 మంది పట్టే ఒక్కో గృహానికి కట్టడానికి డబ్బుతో పాటు నడపడానికి ఏడాదికి 6 లక్షల చొప్పున అయిదేళ్ళు. మనిషికి నెలకు వెయ్యి రూపాయలన్నమాట. నడిపే ఖర్చుకంటూ విడిగా పద్దు రాశారు, అందుకు ఆ పథకం రాసినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. అయితే అమలాపురం పురపాలక సంఘం జనాభా 2011లో 53 వేల చిల్లర, లక్షలో సగం. ఐనవిల్లి పట్టణమే కాదు, కాబట్టి పథకం దృష్టిలో అక్కడ ఇల్లు లేనివాడు అనేవాడే లేడు. అదే 2011 జనగణన దేశంలో ఇళ్ళు లేనివాళ్ళను 17.7 లక్షలుగా లెక్కపెట్టింది. వాళ్ళలో 8.3 లక్షల మంది, అంటే సగానికి కాస్త తక్కువ, పల్లెల్లోనే ఉన్నారు. పట్నం ఫుట్‌పాత్ మీద పడుకున్నవాడు ఫోటోలో పడతాడు. ఊళ్ళో బస్ షెల్టర్ కింద, గుడి మండపంలో, రైసుమిల్లు అరుగు మీద పడుకున్నవాణ్ని మనం ఇల్లు లేనివాడని అనుకోం, ఎవరో ముసలాయన అనుకుంటాం. గ్రామీణ గృహవసతి, వికలాంగుల సంక్షేమం రెండూ 73వ సవరణ తెచ్చిన రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీల పనులుగా ఉన్నాయి. పనుల జాబితా వచ్చింది, అణా సెస్సు మాత్రం రాలేదు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. పింఛను ఉంది కదా? 2019లో 2,250 రూపాయలు, 2024 జనవరికి 3,000, ఆ జులై నుంచి 4,000. అరవై నుంచి 79 ఏళ్ళవాళ్ళకు కేంద్రం వంతు ఇప్పటికీ 200 దగ్గరే ఉన్న రోజుల్లో ఇది దేశంలోనే పెద్ద మొత్తాల్లో ఒకటి. ఈ సీమలో ముసలితనానికి పింఛను తెచ్చిన ధైర్యం ఏ సత్రమూ తేలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ 4,000 రూపాయలు వండిపెట్టవు, మంచం పట్టినప్పుడు పక్క మార్చవు, రాత్రి తలుపు వేయవు. ఒంటరి మనిషి చేతిలో ఆ డబ్బు కాజేయాలని చూసే దూరపు చుట్టమూ ఉంటాడు. పైగా చిరునామా, కార్డు లేనివాడికి పింఛను రాయడమే మొదటి చిక్కు. అసలు మాట ఏమిటంటే, పాతకాలంలో ఆదాయం భవనానికి ముడిపడి ఉండేది, ఇప్పుడు మనిషికి ముడిపడింది. ఈ మార్పు మంచిదే, కొత్త మాన్యం మనిషి వెంట నడుస్తుంది, కులం అడగదు. ఆ మాన్యం వచ్చి చేరడానికి ఒక చూరు లేకపోవడమే లోటు. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన పద్ధతిలో రోడ్డు మీది మనిషికి ముందు ఇల్లు ఇస్తారు, వైద్యమూ మిగతా సాయమూ ఆ ఇంటికే వస్తాయి. అతను తన రాబడిలో 30 శాతం అద్దెగా కడతాడు. ఆ లెక్క ఇక్కడ వేసి చూద్దాం. ఇరవైమంది ఉండే ఇంట్లో ఒక్కొక్కరూ పింఛనులో 30 శాతం ఇస్తే నెలకు 24,000. పట్టణ ఆశ్రయ గృహానికి కేంద్రం 2013లో కట్టిన నడుపుదల ఖర్చు ఇరవైమందికి 20,000. ధరలు పెరిగాయి కనుక ఇది ఇవాళ చాలదు, నిజమే. కానీ ఉమ్మడి నిధి పూడ్చాల్సింది మొత్తం ఖర్చు కాదని, మిగిలిన తేడా మాత్రమేనని ఈ లెక్క చూపిస్తుంది. పేదవాడి పింఛను మీద చెయ్యి వేయడం తగునా అంటే, చెప్పకుండా వేస్తే తగదు. రసీదు ఇచ్చి, మిగతా డెబ్భై శాతం అతని చేతిలోనే ఉంచి, నచ్చకపోతే వెళ్ళిపోయే హక్కుతో అద్దె తీసుకుంటే అతను బిచ్చగాడిగా కాక అద్దెదారుగా ఉంటాడు. సత్రంలో ఎవరికీ దక్కని హోదా అది.

ఆ తేడా పూడ్చే ఉమ్మడి నిధి ఎక్కడిదన్నప్పుడు గుడి మాట వస్తుంది, గుడి మాట రాగానే దేవుడి సొమ్ము ముట్టుకోవద్దన్న కోపమూ వస్తుంది. ఆ కోపానికి కారణం ఉంది. దేవాదాయ భూములు రకరకాల పేర్లతో అన్యాక్రాంతమైన చరిత్ర భక్తులకు తెలుసు. అందుకే భక్తుడు మొక్కుకుని హుండీలో వేసింది అలాగే ఉండనివ్వాలి. కానీ దేవాదాయ వ్యవహారాలు విచారించిన చల్లా కొండయ్య కమిషన్ తర్వాత వచ్చిన 1987 నాటి చట్టం పేరులోనే హిందూ మతసంస్థలకు ముందు ధర్మసంస్థలు ఉన్నాయి. సత్రాలు, విశ్రాంతి గృహాలు, పేదలకు అన్నం పెట్టే ఇళ్ళు దాని నిర్వచనంలోకి వస్తాయి. అంటే సత్రానికి రాసిన భూమి ఆదాయం నీడకు ఖర్చుపెట్టడం దేవుడి సొమ్ము మళ్ళించడం కాదు, దాత మాట నిలబెట్టడం. ఆ భూములకు నిజమైన కౌలు రాబట్టి, ఆ కౌలును ధాన్యం ధరకు ముడిపెడితే చాలు, కొత్త పన్ను వేయకుండానే కొంత ఖాతా నిండుతుంది. ఇక గుడి తన ఇష్టంతో చేసేవాటికి అడ్డెవరు? ఐనవిల్లి ఆలయంలోనే ఏటా పరీక్షల ముందు లక్ష పెన్నులు స్వామి ముందు పెట్టి పూజించి విద్యార్థులకు పంచుతారు. శాస్త్రంలో పెన్ను లేదని ఎవరూ అనలేదు.

ఇలాంటి ఇల్లు పెడితే పక్క మండలాల బిచ్చగాళ్ళంతా వస్తారని, కొడుకులు తల్లిదండ్రులను తెచ్చి వదిలేసి పోతారని మరో భయం. మొదటి భయం పాతదే. ఇంగ్లండు 1662లో ఎవరి పారిష్ వాడు అక్కడే ఉండాలని చట్టం చేసి, పేదల్ని సరిహద్దులు దాటించడానికి పోషణకంటే ఎక్కువ తంటాలు పడింది. ఇరవైమంది చోటున్న చిన్న ఇళ్ళు ప్రతి రెండు మూడు మండలాలకు ఒకటి ఉంటే ఆ పరుగే ఉండదు. రెండో భయంలో కొంత నిజం ఉంది. వీసా దొరికినవాళ్ళు, ముఖ్యంగా ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు, కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే, ఇక్కడ ముసలివాళ్ళు తాళం వేసిన కొత్త డాబాల పక్కన ఒంటరిగా ఉన్నారు. వాళ్ళలో చాలామంది కొడుకులూ కూతుళ్ళూ వదిలేసినవాళ్ళు కారు, పిల్లల కూలి కోసమే వాళ్ళకు దూరమైనవాళ్ళు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం పిల్లలున్నవాళ్ళ విషయంలో ఆ పిల్లల మీద బాధ్యత మోపుతుంది, దిక్కులేనివాళ్ళకు జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి, పెట్టవచ్చని అంటుంది. పెట్టవచ్చన్న దగ్గరే ఆగింది, పెట్టి తీరాలని అనలేదు. 150 మందికి జిల్లా కేంద్రంలో ఒకటంటే, లంకలో పుట్టి లంకలో పెరిగిన మనిషికి అది పరాయి ఊరు. తనకు తెలిసిన రేవు, తెలిసిన నాలుగు ముఖాలు ఉన్న చోట ఇరవై పడకలే ఎక్కువ మేలు.

2027లో గోదావరి పుష్కరాలు. 2003లోనూ 2015లోనూ జరిగినట్టే ఘాట్లకు, రోడ్లకు, యాత్రికుల వసతికి డబ్బు వస్తుంది. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల్లో పన్నెండు రోజుల కోసం షెడ్లు లేస్తాయి. వాటిలో ఒక్కటైనా పదమూడో రోజు నుంచి ఇరవైమందికి ఇల్లుగా ఉండేలా ముందే ప్లాను గీయడానికి ఇంజనీరుకు పెద్ద కష్టం ఉండదు. ఆ షెడ్డు అంచనా పత్రంలో సిమెంటు, ఇనుము, కూలి అన్న వరసల కింద వంటమనిషి జీతం, కావలి, కరెంటు బిల్లు, అవి ఏ సత్రం భూమి కౌలులోంచి, ఏ పంచాయతీ పద్దులోంచి ఏటా వస్తాయి అన్న వరస కూడా రాయించుకోవడం మండల పరిషత్తు పని. మంజూరు అయ్యేలోపు రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఎవరూ రాయరు.